వెర్లిన్ కట్టిన వెచ్చని గోడ

ఎల్క్‌ఫోర్డ్ ఊరివారు ఎదుటివారి తప్పును ఎత్తిచూపరు. మిన్నెసోటా రాష్ట్రంలో ప్రతి ఊరూ మర్యాదకు పెట్టింది పేరే అయినా, ఈ విషయంలో ఎల్క్‌ఫోర్డ్‌దే అగ్రస్థానం. వంట మాడితే "కొత్త రుచి" అంటారు. ఇంటి కప్పు కూలితే "ఇంకా ఘోరంగా కూలలేదు, నయం" అని ఓదారుస్తారు. అందుకే ఆ ఊళ్లో తగవులు లేవు. పనులు జరగడం కూడా కాస్త తక్కువే.

ఆ ఊళ్లో స్కూలు బస్సు నడిపి రిటైరైన వెర్లిన్ టోర్గర్‌సన్, భార్య ఆర్లిస్ మోకాళ్ల కోసం ఒక గోడ తలపెట్టాడు. వెనక గదికి ఇంటి వేడి అందదు. ఆవిడకున్న ఒకే ఒక్క సరదా ఆ గదిలో కూర్చుని బొంతలు కుట్టుకోవడం. చలికాలం వస్తే మోకాళ్లు బిగుసుకుపోయి అదీ సాగదు. అందుకని గోడలో బిగిస్తే మంటతో గదిని వెచ్చబరిచే గ్యాస్ ఫైర్‌ప్లేస్ పెట్టె కొన్నారు. నిప్పు దగ్గర చెక్క పనికిరాదని వెర్లిన్ స్టీలు ఛానెళ్లు తెచ్చి, రేకు కత్తెరతో కోసి, రసమట్టం పెట్టి చూసుకుంటూ తళతళలాడే చట్రం నిలబెట్టాడు. ఒక్క ఛానెల్ వంకర లేదు. పెట్టె కోసం వదిలిన ఖాళీ మాత్రం నాలుగంగుళాలు తక్కువైంది. ఆయన పెట్టె ముందున్న అద్దాన్ని కొలిచాడు గాని పెట్టెను కొలవలేదు.

ఆర్లిస్ ఆ తప్పును మొదటిరోజే చూసింది. నలభై ఒక్కేళ్ల కాపురంలో ఆవిడ ఆయన పనికి వంక పెట్టి ఎరగదు. "బాగా మెరుస్తోంది" అని చెప్పి, కాళ్లమీద ఇంకో దుప్పటి వేసుకుంది.

తర్వాత ఊరంతా ఆ గోడను చూడ్డానికి వచ్చింది. అక్కడ ఎవరింటికి వెళ్లినా కారు పెట్టే గరాజ్‌లోంచే వెళ్తారు. పెట్టె ఉన్నదీ గరాజ్‌లోనే. వచ్చినవారంతా దాని పక్కనుంచి ఒదిగి నడిచి, గోడలో ఖాళీ చూసి, వెనక్కి తిరిగి మరోసారి గరాజ్ వైపు చూసి, "స్టీలు! చెదలు పట్టవు" అన్నారు. హార్డ్‌వేర్ షాపు రాయ్‌డెన్ టేపు తీసి ఖాళీని కొలిచాడు. టేపును మెల్లగా జేబులో పెట్టుకుని, "గాలి బాగా ఆడుతుంది" అన్నాడు.

డిసెంబరు మొదటి ఆదివారం చర్చి సంఘం వారు ఆ చట్రాన్ని అధికారికంగా సందర్శించారు. సంఘాధ్యక్షుడు మిల్టన్ హౌగెన్ కాఫీ కప్పుతో లేచి నిలబడ్డాడు.

"సోదర సోదరీమణులారా! ఈ గోడ మన ఊరి పట్టుదలకు ప్రతీక. ఈ గదిలో అడుగుపెట్టగానే నా ఒంటికి వెచ్చగా తగిలింది..."

"తగల్లేదు మిల్టన్," అంది ఆర్లిస్. "కోటు బొత్తాలు మెడదాకా పెట్టుకుని ఉన్నావు. వెర్లిన్, ఆ సందులో పెట్టె పట్టదు. నువ్వు కొలిచింది అద్దాన్ని. నాకు చలేస్తోంది."

ఎవరి చేతిలోదో చెంచా కింద పడింది. ఆ ఊళ్లో వీడ్కోలు అంటే తలుపు తెరిచిపెట్టి గంటసేపు నిలబడి మాట్లాడుకోవడం. ఆరోజు నాలుగు నిమిషాల్లో ఇల్లు ఖాళీ అయింది.

"అక్టోబరు నుంచీ ఎదురుచూస్తున్నా, ఎవరో ఒకరు అంటారేమోనని," అన్నాడు వెర్లిన్.

"అంటే నీకు తెలుసా?"

"రెండోరోజే తెలిసింది. కానీ నువ్వేమో మెరుస్తోందన్నావు. విప్పితే నీ మాట కొట్టేసినట్టు ఉండదూ?"

"ఓరి నా తండ్రీ! ఆ రేకు కత్తెర ఇలా తే."

మేకులైతే పీకాలి, ఇవి స్క్రూలు. చట్రం సరిచేయడానికి నలభై నిమిషాలు పట్టింది.

ఇప్పుడు ఆ గదిలో మంట చక్కగా వెలుగుతోంది. ఆర్లిస్ దుప్పటి లేకుండా కూర్చుని కుట్టుకుంటోంది. ఊరివారికి ఆవిడమీద కోపమేమీ లేదు. "మంచిమనిషే, కాస్త వేరు" అంటారు, అంతే. వాళ్లింటివైపు మాత్రం ఎవరూ వెళ్లరు.

ఈమధ్య మిల్టన్ ఇంట్లోనూ ఒక స్టీలు గోడ లేచింది. ఊరంతా గరాజ్‌లోని పెట్టె పక్కనుంచి ఒదిగి నడిచివెళ్లి, చూసి, మెచ్చుకుని వచ్చింది. మీరూ వెళ్లండి. మీరు మర్యాదస్తులు, ఏమీ అనరని తెలుసు. కోటు మాత్రం మరిచిపోకండి.