గ్రూపు ఫొటోలో కృపావతి కళ్ళు

ఆ సోమవారం పొద్దున్న కృపావతి పెట్టుకున్న పని చాలా చిన్నది. ట్రంకుపెట్టె అడుగు నుంచి కాకినాడ కళ్ళజోడు తీసి, తుడిచి, ఎవరూ చూడకుండా ఓసారి పెట్టుకుని అద్దంలో చూసుకోవడం. పప్పు ఉడికేలోగా అయిపోవలసిన పని.

దానికి కారణం వచ్చే ఆదివారం తీయబోయే ఫొటో. ఊళ్ళో స్త్రీల సమాజం పెట్టి పాతికేళ్ళయింది. అమలాపురం నుంచి ఫొటోగ్రాఫరు సత్తిరాజు వచ్చి, ఇరవై ముగ్గురు సభ్యురాళ్ళనీ చర్చి మెట్ల మీద నిలబెట్టి తీస్తాడు. దాన్ని ఫ్రేము కట్టించి చర్చి పక్క హాల్లో మేకుకి తగిలిస్తారు. కృపావతి పోయాక కూడా ఆ గోడ మీద కృపావతి ఉంటుంది. చిక్కల్లా ఆ ఉండడం ఎలా అన్నదే. ఆవిడకి బుద్ధి తెలిశాక తీసిన ఏ ఫొటోలోనూ కళ్ళు తెరుచుకుని లేవు. కాలేజీ గ్రూపు ఫొటోలో నిలబడి నిద్రపోతోంది. బి.ఏ. పట్టా పుచ్చుకుంటున్న ఫొటోలో అది పట్టా అవునో కాదో చేత్తో తడిమి చూస్తున్నట్టుంది. పెళ్ళి ఫొటోలో అయితే భర్త పక్కన కూర్చుని, అప్పుడే జరిగినదానికి దేవుణ్ణి క్షమాపణ అడుగుతోంది.

"నువ్వు నన్ను కళ్ళు మూసుకుని చేసుకున్నావనడానికి సాక్ష్యం ఉంది కృపా," అంటాడు ఆవిడ భర్త ప్రభాకరరావు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. రుజువు లేకుండా ఏదీ మాట్లాడడు.

ఈసారి కృపావతికి ఉపాయం తట్టింది. నల్ల కళ్ళజోడు పెట్టుకుంటే లోపల కళ్ళు మూసుకున్నా తెరుచుకున్నా ఎవరికి తెలుస్తుంది? ఇరవయ్యేళ్ళ కిందట కాకినాడలో చదువుకుంటున్నప్పుడు, మెస్సు డబ్బులు మిగిల్చి కొనుక్కున్నదొకటి ఉంది. తేనెరంగు ఫ్రేము, పిల్లి చెవుల్లా పైకి లేచిన కొసలు, ఒక్కో కొసకీ చిన్న తెల్లరాయి. కొన్న రోజే హాస్టలు వార్డెనమ్మ చూసి "ఎవరు పోయేరమ్మా?" అని అడగడంతో అది పెట్టెలోకి వెళ్ళిపోయింది. ఈమధ్య వారపత్రికల అట్టల మీద మళ్ళీ సరిగ్గా అలాంటివే కనిపిస్తున్నాయి. దాచుకున్న వస్తువుకి కాలం కలిసిరావడం ఆవిడకి చీరల విషయంలో కూడా ఎప్పుడూ జరగలేదు.

కళ్ళజోడు పెట్టుకుంటే గదిలో అద్దమే కనబడలేదు. చేతి అద్దం పట్టుకుని వెలుతురు కోసం వీధి అరుగు మీదకి వచ్చింది. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. తల కొంచెం పక్కకి తిప్పింది. ఇంకా బాగుంది. మూడోసారి తిప్పేసరికి దడి అవతల పక్కింటి రాహేలు ముఖం కనిపించింది.

"ఏవండీ వదినగారూ, కళ్ళకలకాండీ?"

ఆ ప్రాంతంలో నల్ల కళ్ళజోడుకి మూడే అర్థాలు. శుక్లాల ఆపరేషనయినా అయ్యుండాలి, మస్కట్ నుంచయినా దిగుండాలి, లేకపోతే కళ్ళకలక. కృపావతికి నలభై దాటలేదు. రావులపాలెం దాటిందీ తక్కువే. పైగా కళ్ళకలక రోజులు. రాహేలు మనవడికి అప్పటికే బళ్ళో అంటుకుంది.

"లేదమ్మా, ఫొటోలో అందంగా పడదామని," అనడానికి కృపావతి నోరు తెరిచింది. ఆ మాట రాహేలుతో అంటే పై ఆదివారం చర్చి ప్రసంగంలో వినాల్సి వస్తుంది. అదీకాక ఒక మనిషి అంత ఆపేక్షగా అడిగితే కాదనడం కోనసీమలో మర్యాద కాదు. బుర్ర ఇంకా ఆలోచిస్తుండగానే నోరు తన పని చేసుకుపోయింది.

"ఆయ్," అంది.

పప్పు ఉడకలేదు గానీ, రాహేలు వచ్చేసింది. కొంగులో నందివర్ధనం పూలు, వెనకాల బాలింత కోడలు రూతు, రూతు చేతిలో ఉగ్గుగిన్నె.

"తల వెనక్కి వాల్చండి. చనుబాలు రెండు చుక్కలు పడితే చల్లగా ఉంటుందండి. కోడలు పిల్ల మొహమాటపడుతుంటే నేనే లాక్కొచ్చేను."

"ఎందుకండీ పాపం, పిల్లాడికి..."

"వాడు తాగి పడుకున్నాడులెండి. మీరు కదలకండి."

అబద్ధమాడితే కళ్ళల్లో పాలు పోస్తారని కృపావతి చదివిన బైబిల్లో ఎక్కడా లేదు. సాయంత్రం రాహేలు చిన్నతేనె తెచ్చింది. "మండుతుందండి, మండితేనే మందు," అని అది కూడా వేసింది. అదే గిన్నె, అదే తువ్వాలు, అంతకుముందు మనవడికి తుడిచిన చెయ్యి. రాత్రికి కృపావతి కళ్ళు పండుమిరపకాయల్లా అయ్యాయి. అంతవరకు అబద్ధంగా ఉన్నది ఇప్పుడు చూడ్డానికి నిజంలాగే ఉంది.

మర్నాడు ప్రభాకరరావు వెళ్ళిన గంటకే బడి నుంచి తిరిగొచ్చేశాడు.

"హెడ్మాస్టారు పంపించేసేరు. మీ ఇంట్లో కళ్ళకలకట గదండీ, పిల్లలకి అంటుకుంటుంది, వారం ఇంటిదగ్గరుండండి అన్నారు."

కృపావతి కూర్చోబెట్టి ఉన్నదంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అయితే నీకు కళ్ళకలక లేదు."

"లేదు."

"ఉన్నది ఫొటో మీద యావ."

"ఆ మాట ఊళ్ళో అనకండి. నేనే వెళ్ళి రాహేలుతో నిజం చెప్పేస్తాను."

"చెప్పు. చెప్పొద్దనను," అని చొక్కా విప్పి మడత కుర్చీ వాల్చుకున్నాడు. "శనివారం చెప్పు. సెలవు వారం ఇచ్చేరు."

బుధవారం సమాజం ప్రెసిడెంటు సూర్యావతమ్మగారు వచ్చింది. లోపలికి రాలేదు. గేటు దగ్గరే గొడుగు అడ్డం పెట్టుకుని, కొబ్బరిచెట్టుతో మాట్లాడుతున్నట్టు ముఖం అటు తిప్పి నిలబడింది.

"కృపావతిగారూ, ఆదివారం మీరు ఫొటోకి రాకండేం. అందరికీ అంటుకుంటుంది. మీరు లేని లోటు తెలీకుండా, మీ పాత ఫొటో ఒకటి పైన మూలకి గుండ్రంగా పెట్టిస్తాం. అటు మూల ఎలాగూ మార్తమ్మగారిది పెడుతున్నాం. ఇటూ ఒకటి ఉంటే నిండుగా ఉంటుంది."

మార్తమ్మగారు సమాజం మొదలుపెట్టిన మనిషి. పోయి నాలుగేళ్ళయింది.

కృపావతి అరుగు మీంచి ఒక మెట్టు దిగింది. మార్తమ్మగారి ఫొటో తను చూసిందే. అందులో ఆవిడ నిక్షేపంగా కళ్ళు తెరిచి చూస్తూ ఉంటుంది. ఇటు మూల కళ్ళు మూసుకుని తను. రేపు పిల్లలు ఇద్దర్లో పోయిందెవరని అడిగితే, అటు వేలు చూపించేవాళ్ళు ఒక్కరూ ఉండరు.

"అక్కయ్యగారూ, నాకు కళ్ళకలక లేదండి. ఊరికే పెట్టుకున్నాను," అని కళ్ళజోడు తీసేసింది.

సూర్యావతమ్మగారు గొడుగు సందులోంచి ఆ కళ్ళు చూసి మూడడుగులు వెనక్కి వేసింది. "ఫొటో మీద ఆశ ఎవరికుండదమ్మా. దానికోసం ఇంత మాట ఆడక్కర్లేదు," అని వెళ్ళిపోయింది. జీవితంలో మొదటిసారి కృపావతి పరువు చూసుకోకుండా బయటి మనిషితో నిజం చెప్పింది. దాన్ని అబద్ధాల్లో జమ కట్టారు.

గురువారం నుంచి కృపావతి తలుపు గడియ వేసుకుని, రాహేలు మందుల్లేకుండా గడిపింది. ఒక్కరోజులో కళ్ళు తేటపడ్డాయి. గురువారమే రాహేలుకి ఎర్రబడ్డాయి. ఆవిడ కృపావతి జబ్బు సంగతి చెప్పడానికి ప్రతి ఇంటికీ వెళ్ళింది. ముందుజాగ్రత్తగా అందరికీ తలో రెండు చుక్కలూ వేసి వచ్చింది. శుక్రవారానికి సమాజంలో పది మంది, శనివారానికి పద్దెనిమిది మంది. సూర్యావతమ్మగారికి రెండు కళ్ళూ బూరెల్లా పొంగాయి. అందరూ ఒక్కమాటే అన్నారు: "కృపావతిగారి దగ్గర్నుంచే."

వాయిదా వేద్దామంటే సత్తిరాజు కుదరదన్నాడు. ముహూర్తాలు మొదలవుతున్నాయి, రెండు నెలల దాకా ఖాళీ లేదు. ఆలోచించగా ఆలోచించగా సూర్యావతమ్మగారికే తోచింది. అందరూ నల్ల కళ్ళజోళ్ళు పెట్టుకుంటే ఎవరికుందో ఎవరికి లేదో తెలియదు. ఇంకా రానివాళ్ళు కూడా పెట్టుకుంటే సరి. కొనుక్కురావడానికి ఊళ్ళో ఖాళీగా ఉన్న మగవాడు ప్రభాకరరావు ఒక్కడే. అమలాపురం బస్టాండు దగ్గర అట్టకి గుచ్చి అమ్మేవాడి సరుకంతా తెచ్చాడు. ఇరవై ఒకటి. కృపావతిని మినహాయిస్తే సభ్యురాళ్ళు ఇరవై ఇద్దరు.

"ఒకటి తగ్గిందండి," అన్నాడు లెక్కల మాస్టారు.

తగ్గింది సూర్యావతమ్మగారికి. ఆదివారం ఆవిడ చర్చి మెట్ల మీద నిలబడి, భర్త వెనకాలే తన కళ్ళజోడుతో వచ్చిన కృపావతి వైపు చూసింది. అందరూ కృపావతి వైపే చూశారు. ఇప్పుడు ఆవిడ రావడానికి ఎవరికీ అభ్యంతరం లేదు, అంటడానికి పెద్దగా ఎవరూ మిగల్లేదు కాబట్టి.

"మీకు వచ్చి తగ్గిపోయింది గదమ్మా," అంది సూర్యావతమ్మగారు. "మీకెందుకది?"

నాకసలు రాలేదని ఇంకోసారి చెప్పే ఓపిక కృపావతికి లేదు. కాకినాడ కళ్ళజోడు తీసి ఇచ్చింది. సూర్యావతమ్మగారి గుండ్రటి ముఖం మీద పిల్లి చెవులు లేచి నిలబడ్డాయి. కృపావతి రెండో వరసలోకి వెళ్ళి, వట్టి ముఖంతో, ఓడిపోయిన మనిషిలా నిలబడింది.

సత్తిరాజు నల్లగుడ్డలో తల దూర్చి, మళ్ళీ బయటికి తీశాడు. ఈ వృత్తిలో ఆయన అంత సంతోషంగా ఎప్పుడూ కనిపించలేదు.

"రెండో వరసలో అమ్మగారూ, మీరేం కంగారుపడకండి. ఇరవై ముగ్గురుంటే ఎవరో ఒకరు రెప్పేస్తారని నా ప్రాణం పోయేది. ఇవాళ నేను కాచుకోవలసింది మీ ఒక్కరి కళ్ళేనండి. మూసుకుంటే మూసుకోండి. తెరిచినప్పుడే నొక్కుతాను."

అన్నట్టే కాచుకున్నాడు. కృపావతి మూసింది, తెరిచింది, మూసింది. ఆయన తొందరపడలేదు. ఎండకి ముందు వరస చెమటలు కక్కుతున్నా ఆగాడు. ఆఖరికి ఎప్పుడు నొక్కాడో ఆవిడకే తెలియదు.

పది రోజులకి కాపీ వచ్చింది. కృపావతి కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. కొంచెం బెదిరినట్టున్నా, పెద్దవి, నల్లటివి, తెరుచుకున్నవి. ప్రభాకరరావు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు.

"ఇవి నీవేనా?" అన్నాడు.

"మరెవరివి?"

"కాదు, ఇన్నాళ్ళూ సరిగ్గా చూళ్ళేదు," అన్నాడు, రుజువు చేతిలో పట్టుకుని. ఆ పూట కృపావతి వంటలో ఉప్పు రెండుసార్లు వేసింది. ఆయన మారు వడ్డించుకుని తిన్నాడు.

సాయంత్రం సూర్యావతమ్మగారు వచ్చింది, ఈసారి లోపలికే.

"ఫొటో బాగానే వచ్చిందండి. కానీ ఒక్కరు బోసిగా ఉంటే అందరి పద్ధతీ చెడిపోతోంది. మీకు అంత వెలితిగా ఉంటే మాకు మాత్రం బాగుంటుందేంటి? సత్తిరాజుగారితో మాట్లాడేను. సన్నటి బ్రష్షుతో నెగెటివు మీదే మీకూ కళ్ళజోడు దిద్దేస్తానన్నారు. ఎన్ని కాపీలు తీసినా ఇంక తేడా ఉండదు."

కృపావతి తేరుకునేలోపు, చేతిలో ఉన్న కాపీ కూడా గుర్తు పెట్టడానికని పట్టుకెళ్ళిపోయింది.

ఆ ఫొటో ఇప్పటికీ హాల్లో గోడ మీద ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు దాని ముందు ఆగి, ఇరవై ముగ్గుర్లోనూ కళ్ళజోడు ముఖానికి సరిగ్గా అమిరింది రెండో వరసలో ఆవిడ ఒక్కరికేనంటారు.