వంటింటి తలుపు పక్క బల్ల

శనివారం ఉదయం సాబిత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్త కోటు తొడుక్కోవాలి, భార్య కుల్యాష్‌ను వెంటబెట్టుకుని సాయంత్రం విందుకు వెళ్ళాలి, యజమాని కైరొల్లా మనవడి కాళ్ళకు కట్టిన తాడు కోసి రావాలి. నడక మొదలుపెట్టిన పిల్లవాడి కాళ్ళకు నలుపూ తెలుపూ పేనిన తాడు కట్టి, తమవాడు ఎవరిలా ఎదగాలని కోరుకుంటారో వాళ్ళ చేతే కోయిస్తారు. ఆఫీసు మొత్తంలో అలాంటి మనిషి తను కాక ఇంకెవరని సాబిత్ ధీమా. తాడు కోయమని కైరొల్లా ఇంకా అడగలేదు, అంతే. మరిచిపోయి ఉంటాడు.

అల్మాటీలో చాలా విందు హాళ్ళు వాడే ప్రోగ్రాం వాళ్ళ ఆఫీసు తయారుచేసిందే. గుమ్మంలో అతిథి పేరు చెబితే బల్ల చూపిస్తుంది. ఏ పళ్ళెం ఏ బల్లకో వంటవాళ్ళకు చెబుతుంది. ఎవరి తర్వాత ఎవరిని పిలవాలో వేదిక మీది వ్యాఖ్యాతకు అందిస్తుంది. అందులో ఏ భాగమూ తనకు కావలసిన తోడును తను వెతుక్కోదు. దేనికి దేన్ని తగిలించాలో ఒక పెద్ద ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలులో రాసి ఉంటుంది. ఆ ఫైలుకు మొదటినుంచీ పెళ్ళిళ్ళ పేరయ్య సాబిత్. ప్రతి మార్పు పైనా ఎందుకు చేశాడో ఒక వ్యాఖ్య రాసి, కింద తన పేరు పెట్టుకోవడం అతని అలవాటు.

అంతా బాగానే ఉండేది, ఆ అల్దియార్ రాకపోతే. పాతికేళ్ళవాడు, వసంతంలో అస్తానా నుంచి ఊడిపడ్డాడు. వచ్చిన వారంలోనే, పెద్దవాళ్ళను మర్యాదగా పిలిచే అగాయ్ అన్న మాటతో, "ఇంత ఫైలు ఎందుకు అగాయ్? ఒక్కో భాగం నెత్తిన ఒక్క ముక్క రాస్తే అవే కలుసుకుంటాయి కదా!" అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. సాబిత్ కడుపులో ఆ రోజు రాజుకున్న మంట ఇప్పటికీ ఆరలేదు. ఆఫీసులో టీ పోసేటప్పుడు కూడా అతని చూపు అల్దియార్ కప్పు మీదే. వాడికి మర్యాదగా సగం కప్పు పోస్తున్నారు, తనకేమో ఇక లేచి వెళ్ళమన్నట్టు అంచుదాకా నింపుతున్నారని అతని అనుమానం.

ఆ ఉదయం ఉండబట్టలేక లాప్‌టాప్ తెరిచి సాయంత్రం కార్యక్రమం చూశాడు. తాడు కోసేది: అల్దియార్.

"ఏమిటా మొహం? ఏదో మాడినట్టుంది," అంది కుల్యాష్.

"ఏం లేదు. ఆఫీసు పని."

"ఆఫీసు పనికి పళ్ళు నూరరు. అల్దియారేనా?"

"వాడి పేరు ఈ ఇంట్లో ఎత్తకు!"

"నేనెక్కడ ఎత్తాను? పొద్దున్నే టీ కన్నా ముందు ఎత్తేది నువ్వే."

సాబిత్ చెడ్డవాడు కాదు. తాడు కోసేవాడి పేరు మార్చేంత సాహసం అతనికి లేదు. వాణ్ని కాస్త దిగువన, పెద్దలకు దూరంగా కూర్చోబెడితే చాలనుకున్నాడు. ఎవరు అడిగినా వంటింటి తలుపు పక్క బల్లే చూపించే చిన్న భాగం ఒకటి రాశాడు. దాన్ని అల్దియార్ ఆహ్వానానికి మాత్రమే తగిలించాలి. ఫైలులో అందరికీ బల్లలు పంచే పేరాను నకలు తీసి, లోపలి సరుకు మార్చాడు. అలవాటు కొద్దీ పేరా లోపలే మొదట వ్యాఖ్య కూడా రాశాడు. ఇంతలో కుల్యాష్ "కోటు గుండీ ఊడింది, ఇటు రా!" అని కేకేసింది. ఆ తొందరలో పేరా పేరు మార్చడం మరిచాడు. ఒకే పేరుతో రెండు పేరాలుంటే ఆ ప్రోగ్రాం గొడవ చేయదు, కింద ఉన్నదాన్నే నమ్ముతుంది. తప్పు చూపే ఎర్ర అక్షరం ఒక్కటీ రాలేదు. సాబిత్ ఈల వేసుకుంటూ గుండీ కుట్టించుకున్నాడు.

విందుకు ముందుగా వచ్చింది కైరొల్లా వియ్యాలవారు. షిమ్‌కెంట్ నుంచి రాత్రంతా రైల్లో వచ్చారు. తెర వాళ్ళకు వంటింటి తలుపు పక్క బల్ల చూపించింది. గుమ్మంలోని అమ్మాయి తెర చెప్పిందే వేదమని వాళ్ళను అక్కడే కూర్చోబెట్టింది. తర్వాత వచ్చిన మేనమామలకూ అదే బల్ల. ఆ తర్వాత వచ్చిన ప్రొఫెసరుకూ అదే. ఎనిమిది కుర్చీల బల్ల చుట్టూ బస్సు ఎక్కేవాళ్ళలా జనం మూగారు. మిగతా హాలంతా ఖాళీ.

"మా పిల్లనిచ్చింది మీ గిన్నెల చప్పుడు వినడానికా?" అని వియ్యపురాలు గొంతెత్తింది.

అప్పుడే కుల్యాష్‌తో గుమ్మం దాటిన సాబిత్‌కు పొద్దున రాసిన పేరా గుర్తొచ్చింది. పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆవిడ సంచి అందుకున్నాడు. "పొరపాటు జరిగింది తల్లీ, మీ చోటు పెద్దల వరసలో ఉంది, రండి!" అని హాలు ఆ చివరకు తీసుకెళ్ళాడు. వెనక్కి పరుగెత్తి మేనమామలను తీసుకెళ్ళాడు. ఈలోగా వంటింట్లోంచి మాంసం పళ్ళాలన్నీ బయలుదేరాయి. పెద్దల ముందు పెట్టవలసిన గొర్రె తలలన్నీ ఆ ఒక్క బల్ల మీదకే చేరి ఖాళీ కుర్చీల వంక చూస్తున్నాయి. సాబిత్ రెండు చేతులా తలలు మోస్తూ మళ్ళీ పరుగు. వ్యాఖ్యాత కాగితం చూసుకుని, "ఇప్పుడు వంటింటి బల్లవారు ఆశీర్వదిస్తారు! తర్వాత... వంటింటి బల్లవారు!" అన్నాడు.

ఇక లాభం లేదని సాబిత్ కోట్లు తగిలించే గదిలో దూరి, వెంట తెచ్చిన లాప్‌టాప్ తెరిచాడు. ఆ పేరాను మొత్తంగా వ్యాఖ్య గుర్తుల మధ్య పెట్టేస్తే ప్రోగ్రాం దాన్ని చదవదు కదా అనుకున్నాడు. పెట్టాడు. అయితే పేరా లోపల పొద్దున రాసిన వ్యాఖ్య ఉంది. వ్యాఖ్యలో ఇంకో వ్యాఖ్యను ఎక్స్‌ఎమ్‌ఎల్ ఒప్పుకోదు. హాల్లో తెరలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి.

"అగాయ్, నేను చూడనా?" అల్దియార్ కోట్ల మధ్యలోంచి తల దూర్చాడు.

"అక్కర్లేదు!" అనేలోపే వాడు పక్కన కూర్చుని ఆ వ్యాఖ్య చదవడం మొదలుపెట్టాడు: అల్దియార్‌ను వంటింటి తలుపు దగ్గర కూర్చోబెట్టడానికి. ఇట్లు, సాబిత్.

సాబిత్‌కు ఆ కోట్లలోనే ఒకటై వేలాడిపోవాలనిపించింది.

అల్దియార్ పేరా అంతా చెరిపేసి, ప్రోగ్రాం మళ్ళీ నడిపి, కళ్ళెత్తాడు. "వంటింటి పక్కనా? నాకోసం ఇంత ఆలోచించారా అగాయ్! వేడివేడిగా తింటానని మా అమ్మ కూడా నన్నక్కడే కూర్చోబెట్టేది."

వాడు తిట్టి ఉంటే సాబిత్ బతికిపోయేవాడు. వాడి మంచితనం చూశాక కడుపుమంట గొంతు దాకా వచ్చింది.

తెరలు వెలిగాయి. అందరూ కుదురుకున్నాక తాడు ఘట్టం వచ్చింది. వ్యాఖ్యాత అల్దియార్ పేరు చదవబోతుంటే కైరొల్లా తల్లి కర్ర తాటించింది.

"ఆగు! ఇందాకటి నుంచీ హాలంతా పరుగెత్తుతున్నాడే, వియ్యాలవారి సంచీ మోశాడు, తలకాయలూ మోశాడు, వాడెవడు?"

"సాబిత్ అమ్మా. మన ఆఫీసే," అన్నాడు కైరొల్లా.

"వాడిచేత కోయించు. బుర్ర సంగతి తర్వాత. ముందు నా మునిమనవడికి అలాంటి కాళ్ళు రావాలి!"

హాలంతా చప్పట్లు. "అగాయ్‌కే దక్కాలి!" అని అందరికన్నా గట్టిగా అరిచింది అల్దియారే. సాబిత్ కళ్ళు చెమర్చాయి. ఇన్ని నెలల మంట చల్లారినట్టే అనిపించింది. కత్తి పట్టుకుని, వంగి, తాడు కోశాడు.

పిల్లవాడు ఓ క్షణం నిలబడ్డాడు. తాడు కోసినవాడి వంక చూడనైనా చూడకుండా, చేతులు చాచి, బుడిబుడి అడుగులతో నేరుగా వెళ్ళి అల్దియార్ మోకాళ్ళను వాటేసుకున్నాడు.

చేతిలో కత్తి ఉండగా చప్పట్లు కొట్టడం ఎంత కష్టమో సాబిత్‌కు అప్పుడు తెలిసింది.