దాహం: సున్నా

ఒక పెద్ద అడవిలో చెట్లు తగ్గి బీరువాలు పెరిగాయి. ఉన్న ఒక్క మడుగునూ సింహం తన జలకాలాటలకని గేటు పెట్టి తాళం వేయించింది. మిగతా జంతువులకు అర్జీలు పెట్టుకునే హక్కు ప్రసాదించింది.

రెండు రోజులుగా చుక్క నీరు లేక లేడి కూన నాలుక బయటపెట్టి పడుకుంది. తల్లి ఊరుకోలేదు. "ఒక్కరు అడిగితే విన్నపం, అందరం అడిగితే ఉద్యమం!" అంటూ పొదపొదకీ తిరిగి రెండు వందల అర్జీలు రాయించింది.

అర్జీల ఆఫీసులో కొంగ గుమాస్తా. అక్కడి పెద్ద పట్టికలో ఒక్కో అర్జీకి ఒక్కో వరస. వరసలో పేరుకో గడి, నివాసానికో గడి, చివర్న గోడు వెళ్లబోసుకోవడానికి పొడవాటి గడి. ఆ గడిలో ఏ మాట ఎందరు రాశారో వెతికి రాజసభకు తెలపడం కొంగ పని.

"కొంగయ్యా, మా దాహం సంగతేమైంది?"

"వెతికానమ్మా. దాహం: సున్నా. అడవిలో ఎవరికీ దాహం లేదని సభకు రాసేశాను."

"రెండు వందల మందిమి రాశామయ్యా!"

"అదే మీరు చేసిన పొరపాటు. సగానికి మించి అర్జీల్లో కనిపించే మాట మామూలు మాట. దాన్ని లెక్కపెట్టకుండా సున్నా వెయ్యాలని రూలు. లేకపోతే ప్రతి వరసా తిరగెయ్యాలి, నా మెడ ఏం కావాలి? ఏ ముగ్గురో దాహమని రాసుంటే ఇట్టే దొరికేవాళ్లు."

లేడికి ఒళ్లు మండింది. కొమ్ములుంటే అప్పుడే కుమ్మేసేది. అంతలో గోడ మీది నమూనా అర్జీ కంటపడింది. గోడు గడిలో ప్రతి ఒక్కరూ 'మహారాజు గారికి' అనే మొదలుపెట్టాలట.

"సరే. 'మహారాజు' అని వెతుకు. వచ్చింది రాసి, ముద్ర వేసివ్వు."

కొంగ వెతికింది. దాని మెడ ముడుచుకుపోయింది. అయినా రూలు రూలే. ముద్ర వేసిచ్చింది.

మడుగు గేటు దగ్గర ఎలుగుబంటి కాపలా.

"ఎవరి ఆజ్ఞ మీద ఈ తాళం, ఎలుగన్నా?"

"మహారాజు గారి ఆజ్ఞ."

లేడి కాగితం చూపించింది. మహారాజు: సున్నా.

ఎలుగుబంటి ముద్రను మూడుసార్లు వాసన చూసింది. అసలు ముద్రే. "లేనివాళ్ల ఆజ్ఞ అమలు చేస్తే నా ఉద్యోగం ఊడుతుంది తల్లీ," అంటూ తాళం తీసింది. కూన నీళ్లలో మూతి పెట్టింది. దాని వెనకే అడవంతా.

సింహం గర్జిస్తూ ఆఫీసు మీద పడింది. "ఒరేయ్ కొంగా! నేను లేనా?"

"తమరు మరీ ఎక్కువగా ఉన్నారు ప్రభూ, అందుకే లేరు," అంది కొంగ. "తమరు ఉన్నారని ఒక అర్జీ పెట్టుకోండి. పైన 'మహారాజు గారికి' అని రాయడం మాత్రం మరవకండి."

ఆ అడవిలో తల్లులు ఇప్పటికీ పిల్లలకు చెప్పే బుద్ధిమాట ఒకటే: కష్టం ఆఫీసువాళ్ల కంట పడాలంటే, అది సగం మందికి మించి రాకూడదు.