భుజం దిగని సైకిలు

జాతీయ సైక్లో-క్రాస్ పోటీలో గెలిచినవారి భుజం మీది నుంచి సైకిలు, మరొకరు గెలిచేదాకా, కిందికి దిగదు. ఇందులో వింతేమీ లేదు. స్నానానికీ, నిద్రకూ, ఓటు వెయ్యడానికీ అది విజేతతో పాటే వెళుతుంది. బస్సుల వారు దానికి అర టిక్కెట్టు కొడతారు. గుర్తింపు కార్డు ఫొటోలో ముందు చక్రం సగమైనా కనబడాలని రెవెన్యూ వారి ఉత్తర్వు. దర్జీలు విజేత చొక్కాకు కుడి భుజం మీద బొత్తాములు కుడతారు. ఆ కుట్టుపనికి, పోటీ జరిగే నీలిలంకలో, ప్రత్యేకమైన పేరు కూడా ఉంది. అది చాంపియన్ కట్టు.

పరదేశాల్లో ఈ ఆట వేరుగా ఉంటుందని వినికిడి. అక్కడివారు బురదలో, గడ్డినేలల్లో సైకిలు తొక్కుకుంటూ పోతారట. తొక్కడానికి వీలుకాని చోట మాత్రం దిగి, దాన్ని భుజాన వేసుకుని పరుగెత్తి, మళ్లీ ఎక్కుతారట. మన సమాఖ్య స్థాపకులకు ఆట గురించిన సమాచారం ఒక విదేశీ పత్రికలోని ఫొటో రూపంలో అందింది. అందులో మోకాలి లోతు బురదలో, భుజాన సైకిలుతో, మహానుభావుడెవరో నడుస్తున్నాడు. స్థాపకులు దాన్ని వరుస సమావేశాల్లో నిశితంగా పరిశీలించి, సైకిలును మోయడమే ఈ ఆట సారమని తేల్చారు. పోటీలో సైకిలు ఎక్కినవారు అనర్హులన్న నిబంధన కరతాళ ధ్వనుల మధ్య ఆమోదం పొందింది. బురద విషయంలో గోదావరి జిల్లాలకు సాటి లేదు గనుక, నీలిలంకలో దమ్ము చేసిన చేలను దేశానికంతటికీ క్రీడాప్రాంగణంగా ప్రకటించారు.

తొలి ఏటి విజేత బహుమతి అందుకోవడానికి సైకిలును దించబోతే అది దిగలేదు. అంత గౌరవంగా మోయించుకున్న తరువాత నేల మీద నిలబడడం దానికి చిన్నతనమనిపించి ఉండవచ్చు. వైద్యులు వచ్చి ఇది ఎముకలకు సంబంధించినది కాదన్నారు. మెకానిక్కులు వచ్చి ఇది బోల్టులకు సంబంధించినది కాదన్నారు. ఏ శాఖకూ సంబంధించని దాన్ని సంప్రదాయమంటారు కాబట్టి సమాఖ్య దాన్ని సంప్రదాయంగానే స్వీకరించింది.

దంగేటి భానోజీరావు విజేత కావడం పొరపాటున జరిగింది. నిజానికి ఆయన రెండో స్థానం కోసమే బయలుదేరాడు. అప్పటికే దేశంలోని మేటి క్రీడాకారులందరూ రెండో స్థానం కోసమే సాధన చేస్తున్నారు. రెండో స్థానానికి పతకం ఉంది, ఉద్యోగంలో కోటా ఉంది, భుజం మీద బరువు లేదు. ముగింపు గీతకు జానెడు దూరంలో అందరూ ఆగి ఒకరినొకరు ఆహ్వానించుకుంటూ ఉండగా, కొత్తగా పెళ్లయిన భానోజీకి గట్టు మీద భార్య కనబడింది. చెయ్యి ఊపడానికి ఒక అడుగు ముందుకు వేశాడు. అంతే. పెళ్లి నాటి సైకిలు, మేనమామ పెట్టిన పచ్చరంగు సైకిలు, ఆయన భుజం మీద స్థిరపడిపోయింది.

ఆ తరువాత ఆయనను ఎవరూ ఓడించలేదు. పత్రికలు 'అజేయుడు' అన్నాయి. ఏటా పోటీ జరిగేది. ఏటా గీత దగ్గర మర్యాదల జాతర.

"ఎల్లండి బాబూ, తవరు ముందు."

"అబ్బే, పెద్దోరు మీరుండగా నేనా? కాళ్లు కడిగి నెత్తి మీద జల్లుకోవాల్సినోణ్ణి!"

"నిన్న మోకాలు బాగానే ఉందన్నావుగా, పోవయ్యా!"

"ఇయ్యాల పట్టేసిందండి. ఆయ్."

చీకటి పడగానే, ఎవరూ గీత దాటలేదు కాబట్టి పాత విజేతే విజేత అని సమాఖ్య కార్యదర్శి పేరిచర్ల గజపతిరాజు గారు ప్రకటించేవారు. ఏటా ఒకే ప్రసంగం. అందులో దేశమాత భారాన్ని మోసే భుజాల గురించి ఒక దీర్ఘ వాక్యం ఉండేది. అది పూర్తయ్యేసరికి కొందరు కునుకు తీసి లేచేవారు.

భానోజీకి ఒకే ఒక్క కోరిక మిగిలింది. ఒక్కసారి, మోకాళ్లు పూర్తిగా అరిగిపోకముందే, కాలవ గట్టు మీద లాకుల దాకా సైకిలు తొక్కాలి. చిన్నప్పుడు తెల్లారగట్ల మంచులో అలా తొక్కేవాడు. నీళ్లు ఒక పక్క, కొబ్బరి నీడలు ఒక పక్క, తాను వాటి నడుమ ఏ బరువూ లేకుండా జారిపోతున్నట్టు ఉండేది. ఇప్పుడు మధ్యాహ్నం పూట అరుగు మీద ఎడమవైపుకు ఒత్తిగిలి కన్ను మూస్తే, భుజం మీది చక్రం గాలికి నెమ్మదిగా తిరిగేది. ఆ చప్పుడులో ఆయన కాలవ గట్లన్నీ దాటి, ఎప్పుడూ చూడని ఊళ్ల మీదుగా, నీటి మీద కూడా తొక్కుకుంటూ పోయేవాడు. మెలకువ వస్తే అదే అరుగు, అదే భుజం.

ఒక ఏడు ఆయన కార్యదర్శి గారి ఎదుట నిలబడ్డాడు.

"రాజుగారూ, నన్నొగ్గెయ్యండి. ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యండి."

"అదేంటయ్యా భానోజీ! ఓడిపోనోణ్ణి మేమెలా ఓడిస్తాం? రూలొప్పుద్దా?"

"నేను రాజీనామా చేత్తానండి."

"చెయ్యి. నువ్వు రాజీనామా చేత్తావు, మరి అది చేత్తాదా?" అని రాజుగారు సైకిలు వైపు చూపించారు. అది మౌనంగా ఉంది. ఆ మౌనాన్ని నిరాకరణగా పరిగణించారు.

ఈ మాటలు కూతురు హైమవతి విన్నది. పుట్టిన నాటి నుంచి ఆమె తండ్రిని ఎడమ భుజం వైపు నుంచే ఎరుగును. ఆయన ఆమెను ఎత్తుకున్నది ఆ ఒక్క భుజాన్నే. ఆయన సైకిలు తొక్కగా ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ మాటకొస్తే, మోయడమే మర్యాదైపోయిన నీలిలంకలో ఆ వయసు వారెవరూ మనిషి సైకిలు తొక్కగా చూడలేదు. ఆమె పక్కింటివారి ఎర్ర సైకిలు అడిగి తెచ్చుకుని, పోటీకి పేరు ఇచ్చింది.

పోటీనాడు చేల మీద మంచు కమ్మి ఉంది. మోస్తున్న మనుషులు కనబడక, సైకిళ్లే బురద మీద గాలిలో ఊగుతూ సాగిపోతున్నట్టు ఉంది. గీత దగ్గర మర్యాదలు మొదలయ్యాయి. హైమ వెనుక నుంచి వచ్చింది.

"ఏయ్ పిల్లా, ఆగాగు! పెద్దోళ్లం మాట్లాడుకుంటన్నాం, కనపడట్లా?"

"మాట్లాడుకోండి బాబాయ్. కొంచెం దారివ్వండి."

"హైమా! వద్దే! నామాట ఇనవే!" అని తండ్రి అరిచాడు.

"ఒక్కసారి నువ్వు తొక్కితే చూడాలి నాన్నా," అని ఆమె గీత దాటింది.

పచ్చ సైకిలు ఆయన భుజం దిగి, రెండు చక్రాల మీద, బుద్ధిగా నిలబడింది. ఎర్ర సైకిలు ఆమె భుజం మీద సర్దుకుంది. కార్యదర్శి గారు ప్రసంగంలో భుజాలకు ముందు 'మహిళా' అన్న మాట చేర్చి, మిగతాదంతా యథాతథంగా చదివారు. దర్జీ కొలత తీసుకున్నాడు.

సాయంత్రం మళ్లీ మంచు దిగే వేళకు తండ్రీకూతుళ్లు కాలవ గట్టు మీదికి వచ్చారు.

"ఎక్కు నాన్నా."

భానోజీ ఎక్కాడు. శరీరం కుడికి ఒరిగింది, మళ్లీ సర్దుకుంది. నీళ్లు ఒక పక్క, కొబ్బరి నీడలు ఒక పక్క. చేలల్లోని వారు లేచి నిలబడి, సైకిలు మనిషిని మోసుకుపోవడమనే వింతను చూశారు. ఒక ముసలావిడ తల్లులు తమ పిల్లలకు ఇలాంటివి చూపించకూడదని కసిరింది. లాకులు కనబడుతున్నాయి. ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

మంచులో హైమ చిన్నదైపోతోంది. ఒక భుజం కిందికి, ఒక భుజం పైకి. అడుగు వేసినప్పుడల్లా హ్యాండిలు ఆమె చెవికి తగులుతోంది. తల ఎంతవరకు వంచాలో ఆమెకు ఇంకా తెలియదు.

ఆయన దిగాడు. ఆమె దగ్గరికి వచ్చేదాకా నిలబడ్డాడు.

"ఏంటి నాన్నా, లాకులింకా అక్కడున్నాయి. తొక్కడం మర్చిపోయావా?"

"మర్చిపోలేదమ్మా. నువ్వు నడుత్తుంటే నేనెక్కి పోడం ఏం బాగుంటాది?" ఆయన వంగి, పచ్చ సైకిలును అలవాటైన చోట పెట్టుకున్నాడు. అది అడగకుండానే కుదురుకుంది. "తల ఎడమకి పెట్టు. ఇంకొంచెం. ఆ, అంతే. పడుకునేటప్పుడు కూడా ఎడమకే తిరుగు. తర్వాత నెప్పి తెలీదు."

"చెవి నెప్పో?"

"ఏ నెప్పయినా."

ఆమె తల ఎడమకు వంచింది. నడక కుదిరింది. గాలి రావడంతో ఇద్దరి భుజాల మీదా నాలుగు చక్రాలూ మెల్లగా తిరగసాగాయి. చేలల్లోని వారు ఊరట చెంది మళ్లీ పనికి వంగారు. అక్కడి నుంచి చూస్తే, మంచులో, తిరుగుతున్న చక్రాలు తప్ప మరేమీ కనబడలేదు. ఆ తండ్రీకూతుళ్లు హాయిగా, చాలా వేగంగా వెళ్లిపోతున్నారనే అందరూ అనుకున్నారు.