కత్తెరగారు కొట్టేసిన నాలుగో వాక్యం

"ప్రజల బరువు నేను దించుతాను!" అని ఆరోగ్యమంత్రిగారు మైకులో గర్జించారు. మైకుకు జలుబు చేసిందో ఏమో, వెనక వరుసలకు అది "ప్రజల పరువు నేను దించుతాను" అని వినిపించింది. అయినా అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. మర్నాడు వివరణ రాసే భాగ్యం కత్తెరగారికి దక్కింది.

కత్తెరగారంటే మంత్రిగారి పౌరసంబంధాల అధికారి. ఏ కాగితంలో నలుసంత నిజం కనబడినా ఎర్ర సిరాతో కొట్టేయడంలో ఆయనకు ఆయనే సాటి. ఒకసారి వరద నివేదికలోంచి నీళ్లు తీసేశారు. ఆఫీసువాళ్లు వెనకాల పెట్టిన ఆ పేరును ఆయన బిరుదనుకుని కోటుకు పతకంలా మోస్తున్నారు.

పథకం గొప్పది. ఊబకాయంతో బాధపడేవాళ్లకు ఉచితంగా పొట్ట తగ్గించే ఆపరేషన్. దానికి డాక్టర్లు రాసి పంపిన కరపత్రంలో నాలుగే వాక్యాలు. ఒళ్లు తగ్గుతుంది. సుగరు అదుపులోకి వస్తుంది. మోకాళ్లు మిమ్మల్ని తిట్టుకోవడం మానేస్తాయి. ఇక నాలుగోది: "ఆపరేషన్ తర్వాత కొద్దిమందికి పేగులు వాచి పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బు రావచ్చు, ఆగని విరేచనాలు, రక్తం, కడుపునొప్పి కనబడితే ఆలస్యం చేయకుండా రండి."

"మూడు వాక్యాలు పెళ్లి ఊరేగింపులా పోతుంటే నాలుగోది ఎదురు తుమ్మినట్టుంది" అన్నారు కత్తెరగారు. కొట్టేశారు. ఫైలు మంత్రిగారి దగ్గరికి వెళ్లింది, అట్నుంచి అటే రికార్డు గదికి చేరింది.

మర్నాడే మంత్రిగారు విలేకరుల ముందు గొంతు బొంగురు చేసుకున్నారు. "మొదటి ఆపరేషన్ నేనే చేయించుకుందామనుకున్నా. మనస్సాక్షి ఒప్పుకోలేదు. ముందు ప్రజలు, తర్వాతే నేను!"

అది తాను రాయని వాక్యం కాబట్టి కత్తెరగారి మనసు మరీ కరిగింది. మనసు కరిగితే చాలదు, ఒళ్లు కూడా కరగాలనిపించింది. నూట పద్దెనిమిది కిలోల చేయి పైకెత్తి, "ప్రజల్లో మొదటివాణ్ణి నేనే సార్!" అన్నారు.

ఆర్నెల్లలో ఆయన ఊరంతా గోడలెక్కారు. ఎడమవైపు పాత ఫొటో, కుడివైపు కొత్త ఫొటో. పాత కత్తెరగారిని పట్టించడానికి మంత్రిగారి బొమ్మను కుదించాల్సి వచ్చింది. కొత్త కత్తెరగారి పక్కన ఆ నష్టం వడ్డీతో సహా పూడ్చారు.

తర్వాత కడుపు మొదలెట్టింది. ఇంటి నుంచి ఆఫీసుకు దారిలో ఏడు మరుగుదొడ్లున్నాయని, వాటిలో మూడింటికి గొళ్లెం పడదని ఆయనకు కంఠతా వచ్చింది. సమీక్షా సమావేశాల్లో ఆయన లేవని అంశం లేదు.

"ఒకసారి డాక్టరుకు చూపించుకోండి" అంది భార్య.

"ఆపరేషనయ్యాక పొట్ట సర్దుకుంటుందే. కరపత్రం చూడు, ఇబ్బంది అన్న మాటే లేదు!"

"ఆ కరపత్రం దిద్దింది మీరేగా!"

"అందుకేగా అంత నమ్మకం."

రక్తం కనబడిన రోజున ఆమె నమ్మకంతో పని పెట్టుకోలేదు, చొక్కా పట్టుకుని లాక్కెళ్లింది. కడుపు డాక్టరమ్మ గొట్టం వేసి చూసి, కళ్లజోడు తీసింది.

"ఎన్నాళ్లుగా ఇలా ఉంది?"

"ఎనిమిది నెలలు."

"అన్నాళ్లూ ఏం చేస్తున్నారు?"

"పోస్టరు మీద నవ్వుతున్నానండీ."

"పేగుల్లో వాపు, పుండ్లు. మొదట్లోనే వచ్చుంటే సులువుగా లొంగేది. ఇప్పుడూ లొంగదీద్దాం. కానీ మందులు ఏళ్ల తరబడి వాడాలి."

"ఆ ఆపరేషన్ వల్లేనంటారా?"

"మీ ఒక్కరి విషయంలో ఒట్టేసి చెప్పలేను. చేయించుకున్నవాళ్లలో కొద్దిమందికి ఈ ముప్పు పెరుగుతున్నట్టుంది. ఆపరేషన్ చెడ్డదని కాదు. అవసరమైనవాళ్లకు ప్రాణం పోస్తుంది. తెలిసి చేయించుకోవాలని, తేడా వస్తే వెంటనే రావాలని. అందుకే నాలుగో వాక్యం రాసి పంపాం. ఏ మహానుభావుడు కొట్టేశాడో!"

భార్య మహానుభావుణ్ణి చూసింది. మహానుభావుడు పైకప్పును చూశారు.

బయటికొచ్చాక ఆమె అరవలేదు. దానికే ఆయనకు భయమేసింది. "ఎల్లుండి తమ్ముడు ఈ ఆపరేషన్‌కే సంతకం పెడుతున్నాడు. మీ పోస్టరు చూసే పేరిచ్చాడు. వాడికి ఈ ముక్క ఎవరు చెప్తారు?"

కత్తెరగారు మంత్రిగారి గదికి పరుగెత్తారు. "సార్, నాలుగో వాక్యం మళ్లీ పెడదాం."

"ఏ వాక్యమయ్యా? నేను చూడనే లేదే! ఎల్లుండి సభలో వందమంది అంగీకారపత్రాల మీద సంతకాలు పెడుతుంటే మధ్యలో పేగులేమిటి, పేచీ కాకపోతే? నువ్వు రెండు నిమిషాలు నవ్వుతూ మాట్లాడు, చాలు."

ఆ పూటే ఆయన రికార్డు గదిలో దుమ్ము మింగి పాత చిత్తుప్రతిని పట్టుకున్నారు. కడుపు మెలిపెట్టడంతో చదవకుండానే మడిచి జేబులో పెట్టుకుని, గొళ్లెం ఉన్న గది వైపు కదిలారు.

సభ రోజున ఆయన మైకు ముందు నిలబడ్డారు. మొదటి వరుసలో బావమరిది కలం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పక్కన అక్క, చూపుతోనే గొళ్లెం వేసి కూర్చుంది.

"అయ్యలారా, అమ్మలారా, ఆ గోడ మీద నవ్వుతున్నవాణ్ణి నేనే. మీకిచ్చిన కరపత్రంలో ఒక వాక్యం తక్కువైంది. తగ్గించిన ఘనుణ్ణీ నేనే. ఇదిగో." నాలుగో వాక్యం నెమ్మదిగా, స్పష్టంగా చదివారు. మైకు ఆ రోజు ఆరోగ్యంగా ఉంది.

ఏ కాగితాన్నైనా అడుగుదాకా చదవడం ఆయనకు అలవాటు. తన ఎర్ర గీత కింద పచ్చ సిరాతో ఏదో ఉంది. అదీ చదివేశారు.

"చూశాను. ఆపరేషన్ జాబితాలోంచి నా పేరు తీసేయండి. ముందు ప్రజలు."

కింద మంత్రిగారి పొట్టి సంతకం. త్యాగం ప్రకటించడానికి ముందురోజు తేదీ.

సభలో కలాలన్నీ ఆగాయి. బావమరిది లేచి వేదిక దగ్గరికొచ్చాడు. "బావా, ఆ కాగితం ఇటివ్వండి. నాకు సుగరుంది, చేయించుకుంటా. కానీ కడుపు తేడా చేస్తే మీలా ఎనిమిది నెలలు నవ్వుతూ కూర్చోను." చదివాడు. చదివి సంతకం పెట్టాడు. పక్కాయన ఆ కాగితం అందుకున్నాడు, అతని తర్వాత ఇంకొకావిడ.

మంత్రిగారు చిరునవ్వు చెదరకుండా పళ్ల మధ్యనుంచి అన్నారు. "ఏమయ్యా కత్తెరా, ఆ చివరి ముక్క కొట్టేయలేకపోయావా?"

"అది పచ్చ సిరా సార్" అన్నారు కత్తెరగారు వినయంగా. "పై అధికారి రాతను కొట్టేసే అధికారం నాకు లేదు."

అని, సెలవు కూడా అడక్కుండా, ఆ ప్రాంగణంలో గొళ్లెం పడే ఒకే ఒక్క గది వైపు పరుగందుకున్నారు.