మామగారి కాలు, అల్లుడి బూటు

కొలత తీయించి, అచ్చు పోయించి, ప్రత్యేకంగా మన కాలికే చేయించుకున్న బ్రేస్‌ను తీసుకెళ్లి కాలికి తొడుక్కోవడమంత తెలివితక్కువ పని లోకంలో మరొకటి లేదు!

కోపగించుకోకండి. ముందు ఆ వస్తువు అందం చూడండి. మీగడ రంగు ప్లాస్టిక్. పిక్క చుట్టూ మెత్తటి పట్టీ. అరికాలి కింద నున్నటి పలక. అంత ముచ్చటైన వస్తువును లుంగీ చాటున, ఎవరి కంటా పడకుండా దాచేస్తారా? అదే హాల్లో టీవీ పక్కన పెట్టుకోండి. వచ్చినవాళ్లు చూస్తారు, ఎక్కడ చేయించారని అడుగుతారు, కాఫీ తాగి వెళ్తారు. నొప్పి ఎక్కడికీ వెళ్లదనుకోండి. ఉండనివ్వండి, ఇంట్లో మనిషిలా అలవాటైపోయింది కదా!

ఈ సత్యాన్ని మొదట కనిపెట్టిన మహానుభావుడి పేరు యలమందయ్య. కర్ణాటకలో, రాయచూరు జిల్లా పోతనాళ పక్కన ఆంధ్రా వాళ్ల క్యాంపులో ఉంటాడు. తుంగభద్ర కాలవను నమ్ముకుని వాళ్ల నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ వరి వేశాడు. కొడుకూ వరే వేస్తున్నాడు. పోయిన దాళ్వా పంటకు దమ్ము చేస్తూ ట్రాక్టరు మీంచి జారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ నడక అతకలేదు. అడుగు వేస్తే చీలమండలో కలుక్కుమనేది. పాదం ముందుభాగం పైకి లేవక ప్రతి గడ్డిపరకకూ తట్టుకునేది.

ఎముకల డాక్టరు చూసి, నొప్పి తగ్గాలన్నా నడక కుదరాలన్నా కాలికి కొలత పెట్టి బ్రేస్ చేయించుకోవాల్సిందే అన్నాడు. డాక్టరు కన్నా ముందే ఇంట్లో తీర్పు వచ్చేసింది.

"కాలవకి నీళ్లొదిలేలోగా మీ అంతట మీరు తూము దాకా వెళ్లిరండి. రాలేకపోయారో, పొలం కౌలుకిచ్చేద్దాం" అంది భార్య వెంకటరత్నమ్మ. "గట్టు మీద పడిపోతే మోసుకురావడానికి ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే."

కౌలు అన్న మాట యలమందయ్యకు విరిగిన ఎముక కన్నా ఎక్కువ నొప్పి పెట్టింది. పొద్దున్నే లేచి గట్టు మీద ఒక చుట్టు తిరిగి రాకపోతే ఆయనకు కాఫీ కూడా సయించదు. పొలం ఇంకొకరి చేతిలో పెట్టి, వసారాలో కూర్చుని, ఆ ఇంకొకరు తన గట్టు మీద నడుస్తుంటే చూడడమా? ఎలాగైనా నడవాలి. బ్రేస్ కోసం రాయచూరు ప్రయాణం కట్టాడు.

ఇక్కడే మనం ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది మొదలవుతుంది. కొలత ఇవ్వడానికి వెళ్లేటప్పుడు మనం మనలాగా వెళ్లకూడదు! ఫొటోకు చొక్కా మార్చమూ? చుట్టాలొస్తే మంచం మీద దుప్పటి మార్చమూ? మరి కాలు ఏం పాపం చేసింది?

యలమందయ్య ముందురోజే రాయచూరు దగ్గర శక్తినగర్‌లో కూతురు సాహితి క్వార్టర్స్‌కు చేరాడు. అల్లుడు రమేష్‌బాబుది కరెంటు తయారుచేసే ప్లాంటులో ఉద్యోగం. మామగారి కాళ్లకు రబ్బరు చెప్పులు తప్ప ఇంకేవీ తెలియవు, అవి కూడా రోడ్డు మీదే. ఇంట్లో, గట్టు మీద ఉత్తకాళ్లే.

"నాన్నా, ఈ చెప్పులతో వెళితే వాళ్లేమనుకుంటారు?" అంది సాహితి.

అల్లుడి ఆఫీసు బూట్లు పాలిష్ అయ్యాయి. మడమ కింద అంగుళం ఎత్తు. వాటిలో నిలబడగానే యలమందయ్యకు తాను రిటైరైన హెడ్మాస్టరులా అనిపించింది.

రాయచూరు ఆసుపత్రిలో బ్రేసులు చేసే అమ్మాయి పేరు ధనశ్రీ. తరతరాలుగా రాయచూరులో ఉన్న తెలుగువాళ్ల పిల్ల. పని తెలిసిన మనిషి కాబట్టి అడగాల్సినవన్నీ అడిగింది.

"సార్, రోజు గీ బూట్లే ఏసుకుంటరా?"

"ఎప్పుడూ ఇవేనమ్మా."

"ఇంట్ల గూడ?"

"ఇంట్లో కూడా!"

"పొలం గిట్ల పోతరా?"

"పొలమా? అబ్బే! కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటానంతే."

"నడిస్తె నొప్పి ఏడొస్తది?"

"ఫర్వాలేదమ్మా, పెద్దగా ఏం లేదు."

అబద్ధాలకోరు అని తొందరపడకండి. ఆయన లెక్క ఆయనకుంది. షుగర్ అని నోరు జారినవాడికి అన్నం తగ్గించమన్నారు. బీపీ అని ఒప్పుకున్నవాడికి ఆవకాయ మానేయమన్నారు. ఇక పొలం వెళ్తానని చెబితే ఏమంటారు? పొలం మానేయమంటారు! పొలం వెళ్లడం కోసమే కదా ఈ బ్రేస్! అందుకని పొలం సంగతి దాచాడు. దాని వెనకే నొప్పినీ దాచాడు.

నడిచి చూపించమంటే పళ్లు బిగబట్టి, వెన్ను నిటారుగా పెట్టి, కుంటు కనపడకుండా ఆ గది ఈ చివర నుంచి ఆ చివరకు ఊరేగాడు. ఆ బూట్ల ఎత్తుకు, ఆ నడకకు కొలతలు రాసుకుని, కాలికి కట్టు చుట్టి అచ్చు తీసుకుంది ధనశ్రీ.

వారం తిరిగేసరికి బ్రేస్ వచ్చింది. పనిలో వీసమెత్తు తప్పు లేదు. రోజంతా బూట్లేసుకుని, కుర్చీలో పేపరు చదువుకుంటూ, నొప్పంటే ఏమిటో తెలియని ఒక పెద్దమనిషికి అది అతికినట్టు సరిపోతుంది. ఆ పెద్దమనిషి అడ్రసే దొరకలేదు!

బూట్లు అల్లుడికి ఇచ్చేసి, క్యాంపుకు వచ్చి, ఉత్తకాలికి బ్రేస్ తొడిగాడు యలమందయ్య. మడమ కింద ఉండాల్సిన అంగుళం లేదు. నిలబడితే చాలు, ఎవరో ముందునుంచి మోకాలిని వెనక్కి తోస్తున్నట్టుంది. పైగా ఆ నున్నటి అడుగు టైల్స్ మీద జర్రున జారింది. పది అడుగులు వేసి గోడ పట్టుకున్నాడు. అలా బ్రేస్ టీవీ పక్కకు చేరింది.

అక్కడి నుంచి దాని మహర్దశ మొదలైంది. క్యాంపులో దాన్ని చూడనివాడు లేడు. సింధనూరు నుంచి వచ్చిన బావమరిది ఎడమకాలి బ్రేస్‌ను కుడికాలికి తొడిగి, "కొంచెం బిగుతుగా ఉంది బావా, వదులు చేయించు" అని సలహా ఇచ్చాడు. వాట్సాప్‌లో దాని ఫొటోకు ఎనభై దండాలు వచ్చాయి. ఒకావిడ పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా పెట్టింది. కాలికి తొడుక్కుని ఉంటే ఈ గౌరవం దక్కేదా?

మధ్యలో ధనశ్రీ ఫోన్ చేసింది. "బ్రేస్ ఎట్లుంది సార్?"

"బ్రహ్మాండం తల్లీ! వేసుకున్నట్టే లేదు!"

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. వేసుకుంటే కదా! ఒకరు తమ చేతులతో చేసిపెట్టిన వస్తువును బాగోలేదని ముఖాన అనడం వాళ్ల ఇంటా వంటా లేదు. ఉప్పెక్కువైన పప్పును కూడా రెండోసారి వడ్డించుకుని తినే వంశం!

ఇంతలో ఆ రోజు రానే వచ్చింది. "నీరు బంతు రీ, యజమాన్రే!" అని కాలవ నీళ్లు చూసే నీరుగంటి సూగప్ప, నీళ్లొచ్చాయని ఫోన్‌లో కన్నడంలో కేకేశాడు. యలమందయ్య టీవీ పక్క నుంచి బ్రేస్ తీసి, పట్టీలు బిగించి, భార్య పెరట్లో ఉండగా గట్టు ఎక్కాడు. తూము అక్కడే కనపడుతోంది. సగం దూరం ఎలా వెళ్లాడో ఆయనకే తెలియదు. ఆ తరువాత మోకాలు వెనక్కి పోయింది, కాలు జారింది, మనిషి వానకు నానిన పక్క మడిలో కూలబడ్డాడు. లేవబోతే చీలమండ ఒప్పుకోలేదు. బురదలో కూర్చుని, దూరంగా కాలవలో వస్తున్న నీళ్లను చూస్తూ, అరవయ్యేళ్ల మనిషి కళ్లు తుడుచుకున్నాడు.

వెంకటరత్నమ్మ వచ్చింది. కౌలు మాట ఎత్తలేదు. రెక్క పట్టి లేపి, ఇంటి దాకా తెచ్చి, ఆటో పిలిచింది. యలమందయ్య చెంబు కోసం చెయ్యి చాపాడు.

"కాళ్లు కడుక్కోకండి" అంది. "ఆ బురదతోనే పదండి. ఆ పిల్ల ఎవరి కాలికి కొలత తీసిందో, ఎవరి కాలు నడవాలో చూడనివ్వండి."

రాయచూరులో బ్రేసుల గదిలో బురద కాలును కుర్చీ కిందకు దాచుకోబోయాడు యలమందయ్య. ధనశ్రీ నేల మీద కూర్చుని ఆ కాలును ఇవతలకు లాక్కుంది. ఎండిన మట్టిని వేలితో గీకి చూసింది.

"కాకా, మీరు పొలం పోతరు గద?"

సార్ కాస్తా కాకా అయిపోయాడు. ఇంక దాచడానికి ఏముంది?

"పోతానమ్మా. పోవద్దంటారని చెప్పలేదు. ఆ గట్టు మీద తిరక్కపోతే నేను బతకలేను తల్లీ."

"నేనెందుకు వద్దంట? నడిపిచ్చనీకే గద ఈడ కూసున్న! మీరు నాకే చెప్పకుంటె నా ప్లాస్టిక్‌కు ఎట్ల తెలుస్తది?" అంది ధనశ్రీ. "చెప్పుండ్రి, నొప్పి ఏడుంది?"

యలమందయ్య చెప్పడం మొదలుపెట్టాడు. ఏడు నెలల నొప్పి వరస తప్పకుండా, మెట్లు ఎక్కితే ఎక్కడ, దిగితే ఎక్కడ, పొద్దున లేవగానే ఎక్కడ అని అరగంట చెప్పాడు. ఈసారి ఉత్తకాళ్లతో, కుంటుకుంటూ నడిచి చూపించాడు. అంత దర్జాగా ఆయన ఎన్నడూ కుంటలేదు.

రెండో బ్రేస్‌కు మడమ ఎత్తు లేదు. అడుగున గరుకు రబ్బరు సోలు అంటించి ఉంది, ఉత్తకాలితో నేల మీద నడిచినట్టే నడవొచ్చు. లోతు బురదలో మాత్రం దిగొద్దు, గట్ల మీద ఎంత తిరిగినా తిరగండి, ఇంటికొచ్చి కడిగి ఆరబెట్టండి అంది ధనశ్రీ. వెంకటరత్నమ్మ నాట్లు పడేదాకా గడువు పొడిగించింది.

కొత్త బ్రేస్ వచ్చిన నాలుగో రోజు పొద్దున్నే యలమందయ్య తూముకు బయల్దేరాడు. సాక్షిగా వెంకటరత్నమ్మ వెనకాల. మొదట జంకుతూ, తరువాత మామూలుగా, ఆ తరువాత ఆయన పాత నడకతో. నొప్పి మొత్తం పోయిందంటే అబద్ధమే. మధ్యమధ్య పలకరిస్తోంది గానీ దారికి అడ్డం నిలబడడం లేదు. తూము దగ్గర సూగప్ప చెయ్యెత్తాడు. యలమందయ్య తూము గట్టు మీద కాలు పెట్టి, పొలం నిండా పరుచుకుంటున్న నీళ్లను చూసి, "చూశావటే!" అంటూ గెలిచినవాడిలా వెనక్కి తిరిగాడు.

వెనకాల ఎవరూ లేరు.

వెంకటరత్నమ్మ ఎక్కడో సగం గట్టు మీద ఉంది. రెండు చేతులూ తొడల మీద ఆనించి, పక్కకు ఒరుగుతూ, ఒక్కో అడుగూ ఎంచుకుని వేస్తోంది. ఏడు నెలలుగా ఆవిడ తన వెనక నెమ్మదిగా నడుస్తున్నది తన కుంటు కోసమేననుకున్నాడు ఆయన.

బ్రేస్ గురించి మొదలుపెట్టిన వ్యాసం ఇలా పక్కదారి పట్టినందుకు పాఠకులు మన్నించాలి. ఇంట్లో ఒక కాలికి రెండుసార్లు కొలత తీయించినవాళ్లం, పక్కనే నడిచే కాళ్ల సంగతి ఒక్కసారీ అడగలేదన్న మాట ఎక్కడ రాయాలో తెలియక ఇక్కడ రాయాల్సి వచ్చింది.

"ఏంటే అంత నెమ్మది?" అన్నాడు యలమందయ్య ఆవిడ దగ్గరకు వచ్చాక.

"నాదేముంది, ఇంట్లో తిరిగే కాళ్లేగా. మీరు నడవండి."

ఆయన నడవలేదు. తూము గట్టు మీద కూర్చుని, ఆవిడనూ కూర్చోబెట్టి, ఏ మోకాలు నొప్పని అడిగాడు.

ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. వెంకటరత్నమ్మ మోకాలు చేత్తో తడిమి, ఎడమది అంది. చెయ్యి పక్కకు జరిపి, కుడిది కూడా అంది.