లోమా గ్రాందేలో వివక్ష రద్దు

ఆదివారం పూజ ముగిసి జనం చర్చి మెట్లు దిగుతుండగా, లోమా గ్రాందే పేట యువజన సంఘం ప్రెసిడెంటు బైరన్ టోపంటా గారు మైకు పుచ్చుకుని, ఆ క్షణం నుంచీ తమ సంఘంలో వివక్ష రద్దయిందని ప్రకటించారు. కొండగాలి చెవులు కోస్తున్నా జనం ఆగి చప్పట్లు కొట్టారు. అంత పాత రోగం అంత తేలిగ్గా కుదురుతుందని ఎవరనుకున్నారు!

బైరన్ గారు సామాన్యులు కారు. ఆ పేటలో ముప్పై ఏళ్లుగా యువకుడిగా కొనసాగుతున్నారు. ఆయనతోపాటు యువకులైనవాళ్లంతా తాతలై చతికిలపడ్డా, ఆయన మాత్రం జుట్టుకు రంగేసుకుని సంఘం భారం మోస్తున్నారు. సమానత్వం బాగా పాటించిన సంఘానికి ఓ కప్పూ, గ్రౌండుకు ఫ్లడ్‌లైట్లూ ఇస్తామని మునిసిపాలిటీవారు అన్నారో లేదో, ఆయన తీర్మానం తయారు చేయించారు. లింగం, రంగు, భాష కారణంగా ఎవరికీ అవకాశం నిరాకరించరాదని కార్యదర్శి లెనిన్ రాశాడు. బైరన్ గారు గడ్డం గోక్కుని, "వయసు కూడా వెయ్యి," అన్నారు. దూరదృష్టి అంటే అదీ.

ఆ సాయంత్రమే దొమెనికా కిష్పే ఆఫీసుకొచ్చింది. గులాబీ తోటలో పూలు కోసే పిల్ల. పని దిగాక రోజూ మగపిల్లలతో ఫుట్‌బాల్ ఆడుతుంది. ఒకసారి ఆమె కాలికి చిక్కిన బంతి మళ్లీ తమకు దక్కదని వాళ్ల ఏడుపు.

"ప్రెసిడెంటు గారూ, వచ్చే ఆదివారం లీగు మ్యాచ్‌లో నేనూ ఆడతా."

"ఆడు తల్లీ, ఎవరొద్దన్నారు? వివక్ష రద్దయిపోయిందిగా! కాకపోతే పదకొండుమందీ సరిపోయారు. నీకు అంతకన్నా పెద్ద పదవే అట్టిపెట్టాను. మన మద్రీనవి నువ్వే!"

"మళ్లీనా! ఏటా అదేగా!"

మద్రీన అంటే పోటీల మొదటిరోజు భుజం మీదుగా సిల్కు పట్టీ వేసుకుని, పూలగుత్తి పట్టుకుని, జట్టు ముందు నవ్వుతూ నడిచే అమ్మాయి. నడక అయ్యాక కుర్చీలో కూర్చోవాలి. పట్టీ వేసుకున్నవాళ్లు ఆట ఆడకూడదని లీగు రూలు.

"నాకు పట్టీ వద్దు. చొక్కా కావాలి," అంది దొమెనికా. "ఎన్నాళ్లని గట్టుమీద కూర్చుని నవ్వమంటారు? ఏడుపొస్తోంది నాకు."

"చూశావా లెనిన్? అందరికన్నా ముందు నడవమ్మా అంటే ఏడుస్తోంది!" అని నొచ్చుకున్నారు బైరన్ గారు.

గుమ్మానికి ఆనుకుని వేయించిన మొక్కజొన్నలు నములుతున్న ఎడిసన్ అప్పుడు నోరు విప్పాడు. జట్టులో తొమ్మిదో నెంబరు చొక్కా వాడిదే.

"మద్రీన నేనవుతా."

"నువ్వా? మగాడివిరా వెధవా!"

"మగాడినైతే అవకాశం ఇవ్వరా? లెనిన్ అన్నా, ఆ తీర్మానం ఓసారి గట్టిగా చదువు."

లెనిన్ గట్టిగా చదివాడు. తాను రాయించింది అంత స్పష్టంగా ఉంటుందని బైరన్ గారు ఊహించలేదు. ఎడిసన్ దొమెనికాకు కన్ను గీటాడు. ఒక చొక్కా ఖాళీ అయింది.

వాలెంటైన్ రోజుకు పూలు విమానాలెక్కాల్సిన వారం అది. పేటలో మిగతా కుర్రాళ్లంతా తోటల్లో ఓవర్‌టైంలో ఉన్నారు. ఆట తెలిసి ఖాళీగా ఉన్నది, ఆ ఆదివారానికి ముందే సెలవు పెట్టుకున్న దొమెనికా ఒక్కతే. బైరన్ గారు వారమంతా తలపట్టుకున్నారు. వేపిన పందిమాంసం పళ్లెం ముందుపెట్టినా ముద్ద దిగలేదు.

ఆదివారం వచ్చింది. గడ్డం, గులాబిరంగు పట్టీ, చేతిలో పూలగుత్తితో ఎడిసన్ నడుస్తుంటే జనం ఈలలు వేశారు. సమానత్వం చూసి కప్పు ఇవ్వడానికొచ్చిన మునిసిపాలిటీ అధికారిణి లేచి నిలబడింది. దొమెనికా బూట్లు కడిగి, లేసులు బిగించుకుని గీత దగ్గర నిలబడింది. అప్పుడు గదిలోంచి తొమ్మిదో నెంబరు చొక్కా వచ్చింది. ముందు పొట్ట వచ్చింది, వెనకాలే బైరన్ గారు వచ్చారు.

"ఇదేంటండీ!" అంది దొమెనికా.

"వయసైందని నాకు అవకాశం లేకుండా చేస్తావా అమ్మాయ్?" అన్నారాయన బాధగా. "తీర్మానం వినలేదూ?"

"మరి నేను?"

"వైద్య విభాగమంతా నీదే!" అని మందుల పెట్టె చేతిలో పెట్టారు.

విజిల్ మోగింది. బైరన్ గారు పరిగెత్తారు. ఆయన పరిగెత్తగా చూసినవాళ్లు పేటలో ఎవరూ లేరు. నాలుగడుగులు వేశారో లేదో పిక్క పట్టేసి, "చచ్చాన్రోయ్!" అని కూలబడ్డారు. బంతి అప్పుడు అవతలి గోలు దగ్గరుంది.

స్ట్రెచర్ ముందువైపు పట్టీతోనే ఎడిసన్ పట్టుకున్నాడు, వెనకవైపు దొమెనికా. గీత దాటించి ఇవతలికి తెచ్చేసరికి అధికారిణి కళ్లు చెమర్చాయి.

"ముందు పట్టీ వేసుకున్న అబ్బాయి, వెనక అమ్మాయి, మధ్యలో ఈ వయసులో ఆయన! నా సర్వీసులో ఇంత సమానత్వం చూడలేదండీ!" అంటూ కప్పు తెచ్చి బైరన్ గారి పొట్ట మీద పెట్టింది. పత్రిక ఫోటోగ్రాఫరు పరిగెత్తుకొచ్చాడు.

"ప్రెసిడెంటు గారూ, మనవాళ్లు పదిమందే మిగిలారు," అంది దొమెనికా, ఆయన మీదికి వంగి. "ఆ చొక్కా ఇటివ్వండి. నేను వెళ్తా."

బైరన్ గారు కప్పు వాటేసుకున్నారు. "ఎలా ఇస్తానమ్మా? దెబ్బ తగిలిందని నా చోటు ఇంకొకరికిస్తే, అది గాయపడ్డవాళ్ల మీద వివక్ష కాదూ?"

"కొంచెం నవ్వమ్మా," అన్నాడు ఫోటోగ్రాఫరు.

దొమెనికా నవ్వింది. నవ్వి, స్ట్రెచర్ పట్టుకున్న రెండు చేతులూ వదిలేసింది.

మర్నాడు పత్రికలో ఫోటో వచ్చింది. ఎడిసన్ ఉన్నాడు, పట్టీ ఉంది, కప్పుతో సహా నేలమీదికి జారుతున్న బైరన్ గారున్నారు. కుడివైపు మూలన, బంతి వెంట పరిగెడుతున్న ఒక అమ్మాయి వీపు ఉంది.

ఫ్లడ్‌లైట్లు వచ్చాయి. ఆ ఫోటోకు సంఘం ఆఫీసులో అద్దాల ఫ్రేము కట్టించారు. ఫ్రేము కొంచెం చిన్నదైందట, కుడివైపు మూల కత్తిరించాల్సి వచ్చింది.